బరంపురం బడా బజారులో శరత్కాలపు అలంకరణ సామగ్రి: ఏది కొనదగినది, ఏది కానిది

ఆశ్వయుజ శుద్ధ పాడ్యమి నాడు కలశం పెట్టింది మొదలు కార్తీక పూర్ణిమ తెల్లవారుజామున నీటిలో దీపాలు వదిలే వరకు, సుమారు 45 రోజుల పాటు బరంపురంలోని తెలుగు ఇంటి గుమ్మం బోసిగా ఉండడానికి వీలు లేదు. దసరా, కుమార పూర్ణిమ (ఆశ్వయుజ పూర్ణిమ), దీపావళి, నాగుల చవితి, కార్తీక సోమవారాలు వరుసగా వస్తాయి. పైగా మన పంచాంగంలో దీపావళి మరునాడు మొదలయ్యే కార్తీకం, పొరుగున ఉన్న ఒడియా వారి ఇళ్ళలో కుమార పూర్ణిమ మరునాడే మొదలవుతుంది కాబట్టి, ఒకే వరండా పంచుకునే రెండు కుటుంబాల మధ్య దీపాలకు విరామమనేదే ఉండదు. ఇన్ని రోజులకు సరిపడే అలంకరణను తక్కువ ఖర్చులో అమర్చుకోదలచిన వారి కోసం ఈ సమీక్ష రాస్తున్నాను.

ఇక్కడి శరత్తుకు వెన్నెల ఎంత సహజమో వానగాలి కూడా అంతే సహజం. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గరే తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి గంజాం, గజపతి జిల్లాలను ముంచెత్తింది. అంతటి గాలివానలు రాని ఏడాది కూడా సముద్రపు తేమ ఇంట్లోకి వస్తూనే ఉంటుంది. అందుచేత అలంకరణకు కొనే ప్రతి వస్తువునూ నేను ఒకే కొలతతో చూస్తాను: అది ఒకటి రెండు రోజులు వాడి మట్టిలో కలిపేసేదైనా కావాలి, లేదా జాగ్రత్త చేసుకుంటే ఏళ్ళ తరబడి నిలిచేదైనా కావాలి. ఈ రెంటికీ చెందక, పది రోజులకే రంగు వెలిసి, ఆపైన ఎక్కడ పారవేయాలో తెలియని సరుకు ఎంత చవకగా వచ్చినా డబ్బు దండుగే.

నేను ఇక్కడ సమీక్షిస్తున్నది బడా బజారు ప్రాంతంలో పూజా సామగ్రి అమ్మే ఒక పాత దుకాణాన్ని. దానికి పెద్ద బోర్డు గాని, అద్దాల తలుపులు గాని లేవు. వానాకాలం ముగిసే వేళకు దాని ముందు వెదురు గంపలలో ప్రమిదలు, దారాలకు గుచ్చిన తెల్లని బెండు దండలు, జనప పుల్లల కట్టలు, మురుజ (ఒడియా వారు ముగ్గుకు వాడే రంగుల పొడి) పొట్లాలు చేరతాయి. దుకాణం నడిపే పెద్దావిడ తెలుగూ ఒడియా ఒకే ధాటిగా మాట్లాడతారు. ఇచ్ఛాపురం నుండి వచ్చిన వారితో ఒక రకంగా, అస్కా వైపు నుండి వచ్చిన వారితో మరొక రకంగా బేరం చేయకుండా అందరికీ ఒకే ధర చెబుతారు. ఆ గుణం వల్లనే నేను ఏటా అక్కడికే వెళుతున్నాను.

ముందుగా చెప్పవలసినవి బెండు పూలు. చెరువులలోనూ, నీరు నిలిచే పొలాలలోనూ పెరిగే జీలుగు మొక్క కాండం మీది గోధుమరంగు తొక్కను తీసేస్తే లోపల పాలతెలుపు బెండు బయటపడుతుంది. దానిని పదునైన కత్తితో పలుచని పొరలుగా ఒలిచి, మడిచి, దారంతో బిగించి మాలీలు పూలు, దండలు, పెళ్ళి కిరీటాలు చేస్తారు. ఒకప్పుడు తెల్లదొరలు ఎండకు పెట్టుకున్న సోలా టోపీలు కూడా ఈ బెండుతో చేసినవే. ఒడిశాలో దేవుళ్ళ అలంకారానికి దీనిని విరివిగా వాడతారు గాని, మన తెలుగు ఇళ్ళలో పెళ్ళి ముచ్చటలకు తప్ప వీటిని కొనే అలవాటు తగ్గిపోయింది. శరత్కాలపు వెన్నెలకు ఈ తెలుపు ఎంత చక్కగా అమరుతుందో ఒకసారి గుమ్మానికి కట్టి చూసిన వారికే తెలుస్తుంది.

ఈ దుకాణంలో అరచేయంత బెండు తామర ధర 35 రూపాయలు. ఒక తామరను వెలుతురులో పట్టుకుని చూస్తే పనితనం అర్థమవుతుంది. లోపలి వరసల రేకులు ఎంత పలుచగా ఉంటాయంటే వెనుక వేలు పెడితే దాని నీడ ఇవతలికి కనిపిస్తుంది. బయటి రేకులు కొంచెం దళసరిగా ఉండి, కొనలు వెనక్కి వంగి ఉంటాయి. నడిమి దిమ్మకు పసుపు అద్ది ఉంటుంది. అడుగున దారం ముడి కనిపిస్తుందే తప్ప జిగురు చుక్క ఎక్కడా ఉండదు. జిగురు లేకపోవడమే దీని మన్నికకు ముఖ్య కారణమని నా అభిప్రాయం, ఎందుకంటే మన ఊరి తేమకు మొట్టమొదట ఊడిపోయేది జిగురు పెట్టిన అతుకే. మూరన్నర దండ 60 రూపాయలకు వస్తుంది. దండలోని పూలు తామరలంత నాజూకుగా ఉండవు. కొన్నిటి రేకులు అంచుల దగ్గర చిట్లి ఉంటాయి కాబట్టి, పైనున్న దండను చేతికి అందుకుని వచ్చేయకుండా నాలుగైదు తీసి చూసి ఎంచుకోవాలి. అలా ఎంచుకున్నందుకు పెద్దావిడ ఏనాడూ విసుక్కోలేదు.

వీటికి శత్రువులు నీరు, నిప్పు. వాన జల్లు కొట్టే వైపు కడితే బెండు నీటిని పీల్చుకుని, ఆరిన తర్వాత మచ్చలు తేలి, ముడుచుకుపోతుంది. “తడి తగలనివ్వకండమ్మా, దుమ్ము పడితే ఊదండి గాని గుడ్డతో తుడవకండి” అని ఆవిడ ప్రతి కొనుగోలుదారుకూ చెబుతారు. ఆ మాట అక్షరాలా పాటించదగినది. నిప్పు విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఎండిన బెండు ఇట్టే అంటుకుంటుంది కాబట్టి, బెండు దండలు కట్టిన ద్వారబంధానికి సూటిగా కింద ప్రమిదలు పెట్టకూడదు. దీపాలను మెట్ల అంచులకు, తులసికోట వైపుకు జరపాలి. పండుగలు అయిపోయాక పాత నూలుబట్టలో వదులుగా చుట్టి, అట్టపెట్టెలో నాలుగు ఎండు వేపాకులతో అటక మీద పెట్టుకుంటే మరుసటి ఏడాదికి తెలుపు కొద్దిగా మీగడ రంగుకు తిరుగుతుందే తప్ప ఆకారం చెడదు.

దుకాణం విషయంలో నాకున్న ప్రధానమైన అభ్యంతరం కూడా ఈ గంప దగ్గరే ఉంది. బెండు పూలతో పాటు థర్మోకోల్ పూలను కూడా అదే గంపలో కలిపి ఉంచుతారు. ధర కొంచెం తక్కువ కావడంతో తేడా తెలియని వారు వాటినే తీసుకుపోతున్నారు. అలంకరణకు వాడే థర్మోకోల్‌ను దేశమంతటా 2022 జూలై 1 నుండి నిషేధించారు. అయినా చిన్న చిన్న పూల రూపంలో అది బజారులోకి వస్తూనే ఉంది. గుర్తు పట్టడం కష్టమేమీ కాదు. రేకు అంచును గోటితో నొక్కితే బెండు మెత్తగా లొంగి గోటి గుర్తు నిలుపుకుంటుంది. థర్మోకోల్ కిర్రుమని, విరిగిన చోట గుండ్రని పూసలు పూసలుగా రాలుతుంది. ఈ రెంటినీ వేరు వేరు గంపలలో పెట్టమని, వీలైతే థర్మోకోల్ తెప్పించడమే మానేయమని నేను ఆవిడను కోరాను. సరఫరా చేసేవాడు కలిపే పంపిస్తున్నాడని ఆవిడ సమాధానం. ఆ సమాధానంతో నేను తృప్తి పడలేదు. కొనేవారు అడుగుతూ ఉంటేనే ఇది మారుతుంది.

జనప పుల్లల కట్ట 20 రూపాయలు. ఒడియా ఇళ్ళలో దీపావళి నాడు వీటిని వెలిగించి పితృదేవతలను పిలుస్తారు. అందుకోసమే ఇవి బజారుకు వస్తాయి. నార తీసేయగా మిగిలిన ఈ పుల్లలు తెల్లగా, అతి తేలికగా ఉంటాయి. నాలుగేసి పుల్లలను చతురస్రంగా పేర్చి, మూలల దగ్గర నూలుదారంతో కట్టి, ఆ చట్రానికి బెండు తామరలను వేలాడదీస్తే హాలు గోడకు సరిపోయే చక్కని అలంకారం సిద్ధమవుతుంది. మేకు కొట్టనవసరం లేనంత తేలికగా ఉంటుంది కాబట్టి అద్దె ఇళ్ళలో ఉన్నవారికి మరీ అనుకూలం. పుల్లలు విరిగితే పొయ్యిలోకి పోతాయి. ఈ దుకాణంలో రూపాయికి రూపాయి విలువ చేసే వస్తువు ఏదని ఎవరైనా అడిగితే నేను చూపించేది ఈ కట్టనే.

ప్రమిదలు డజను 30 రూపాయలు. సాదా మట్టి ప్రమిదలు బాగున్నాయి. రంగులు పూసి, అద్దం ముక్కలు అతికించినవి కొనదగినవి కావు, ఎందుకంటే నూనె తగిలిన రెండవ నాటికే రంగు పొరలు పొరలుగా లేచి వత్తి దగ్గరకు చేరుతుంది. సాదా వాటిలోనూ కాల్పు సరిగా కుదిరినవి ఎంచుకోవాలి. రెండు ప్రమిదలను ఒకదానికొకటి సుతారంగా తాకిస్తే బాగా కాలినది ఖంగుమంటుంది, సరిగా కాలనిది మొద్దుగా పలుకుతుంది. నేలమీద పెట్టి చూసి, ఊగని వాటినే తీసుకోవాలి. ఇంటికి తెచ్చాక రాత్రంతా నీటిలో నానబెట్టి, ఆరనిచ్చి వాడితే మట్టి పీల్చే నూనె బాగా తగ్గుతుంది. 45 రోజుల దీపాలకు నూనె ఖర్చే అసలు ఖర్చు గనుక ఈ చిన్న పని మానకూడదు.

బంతిపూల విషయంలో ఈ దుకాణంతో పని లేదు. పూలు పూల బజారులోనే కొనాలి. మూర లెక్కన కట్టిన దండలు కొనే కంటే, పండుగకు ముందటి సాయంత్రం విడిపూలు కిలో లెక్కన తెచ్చుకుని, మామిడాకులతో కలిపి ఇంట్లోనే గుచ్చుకుంటే ఖర్చు సగానికి తగ్గుతుంది. కిలో 100 రూపాయల వరకు పలికింది. ఆకు, పువ్వు వరుసగా పెట్టి గుచ్చేటప్పుడు ప్రతి పువ్వునూ తొడిమ దగ్గర పొడవకుండా, తొడిమ పైనున్న గట్టి భాగం మధ్య నుండి సూది పోనిస్తే రేకులు తొందరగా రాలవు.

ఆ బంతి తోరణాన్ని దసరా తర్వాత పారవేయవద్దని నా విన్నపం, ఎందుకంటే దాని రెండవ ఉపయోగం కార్తీకంలో ఉంది. ఒడియా స్త్రీలు కార్తీక మాసమంతా తులసికోట చుట్టూ మురుజతో చిత్రాలు వేస్తారు. తెలుపుకు రాతిపొడి, నలుపుకు కాల్చిన కొబ్బరిచిప్ప బొగ్గు, ఆకుపచ్చకు ఎండుటాకుల పొడి, ఎరుపుకు ఇటుకపొడి, పసుపుపచ్చకు పసుపు గాని, ఎండిన బంతిరేకుల పొడి గాని వాడడం పాత పద్ధతి. మన ముగ్గు గీతలతో నడిస్తే మురుజ నిండుగా పరచిన రంగులతో నడుస్తుంది. ఇక్కడి తెలుగు ఇళ్ళలో చుక్కల ముగ్గు చుట్టూ మురుజ అంచు వేసే అలవాటు మెల్లగా వస్తోంది. నాకు అది ఎంతో నచ్చింది. దుకాణంలో అమ్మే మురుజ పొట్లాలలో తెలుపు ఒక్కటే కొనదగినది. మెత్తగా, ఉండలు లేకుండా, వేళ్ళ మధ్య నుండి సన్నని ధారగా జారుతుంది. మిగిలిన రంగులు కళ్ళు చెదిరేలా ఉన్నా అవి కృత్రిమమైన రంగులు; తడి నేలమీద పడితే సిమెంటుకు మరక పట్టి, ఎంత రుద్దినా వదలదు. వాటికి బదులు దసరా తోరణంలోని బంతిరేకులను తుంచి, పాత వార్తాపత్రిక మీద పలుచగా పరచి, ఫ్యాను గాలికి ఆరబెట్టి, పెళపెళలాడేంత ఎండాక మిక్సీలో తిప్పి జల్లించుకుంటే, పైసా ఖర్చు లేకుండా ముదురు పసుపురంగు పొడి వస్తుంది. కొబ్బరిచిప్పల బొగ్గును అలాగే పొడి చేసుకోవచ్చు. తెలుపు, పసుపు, నలుపు ఉంటే తులసికోట ముందు చేయలేని చిత్రమంటూ ఉండదు.

పండుగ రోజులలో గోడల మీద, గడప దగ్గర నిలిచే చిత్రాలకు బియ్యం నానబెట్టి రుబ్బిన పిండి వాడితే మంచిది. ఝోటి అనే ఒడియా పిండిముగ్గు వేసేవారు ఆ పిండిలో వేళ్ళు ముంచి గీస్తారు. గాలికి ఎగిరిపోదు, వాన పడే వరకు చెరగదు. గుప్పెడు బియ్యంతో గడప, రెండు మెట్లు నిండుతాయి.

ఎల్‌ఈడీ దీపాల తీగలు కూడా దుకాణంలో ఉన్నాయి. లేత పసుపు వెలుగునిచ్చే తీగ 150 రూపాయలు. రంగురంగులుగా మిణుకుమనే తీగల కంటే ఇదే మేలు: తెల్లని బెండు పూల మీద పసుపు వెలుగు నిలకడగా పడితేనే వాటి నునుపు కనిపిస్తుంది. అయిదు వాట్ల తీగను రోజుకు 4 గంటల చొప్పున 45 రోజులు వెలిగించినా ఒక యూనిట్ విద్యుత్తు కూడా ఖర్చు కాదు కాబట్టి బిల్లు గురించి బెంగపడనక్కరలేదు. పెట్టె మీద భారతీయ ప్రమాణాల సంస్థ (బి.ఐ.ఎస్.) నమోదు సంఖ్య ఉన్నదే తీసుకోవాలి. ప్లగ్గు దగ్గర వైరు వదులుగా ఉన్న తీగ ఉచితంగా ఇచ్చినా తీసుకోకూడదు. తడి గోడలున్న ఊరిలో ఇది ప్రాణాలకు సంబంధించిన విషయం.

పోలిక కోసం ఆన్‌లైన్‌లో ‘పండుగ అలంకరణ కిట్’ పేరుతో అమ్మే ఒక పెట్టెను కూడా తెప్పించి చూశాను. 799 రూపాయల ధరకు అందులో ప్లాస్టిక్ బంతిదండలు, మెరుపు కాగితపు తోరణం, నేలకు అంటించే ముగ్గు స్టిక్కర్లు వచ్చాయి. దండలోని పూలకు నూనె వాసన ఉంది. తోరణం మీది మెరుపు చేతులకు, అన్నం పళ్ళేలకు అంటుకుంది. స్టిక్కర్ల మూలలు మొదటి వాన తేమకే లేచిపోయి, వాటి కింద చీమలు చేరాయి. ఆ పెట్టెలో మరుసటి సంవత్సరానికి దాచుకోదగిన వస్తువు ఒక్కటీ లేదు, మట్టిలో వేయదగినది అంతకంటే లేదు. అదే డబ్బుతో బడా బజారులో ఏమేమి వస్తాయో చూడండి: రెండు బెండు దండలు, మూడు తామరలు, జనప పుల్లల కట్ట, రెండు డజన్ల ప్రమిదలు, కిలో బంతిపూలు, ఎల్‌ఈడీ తీగ కలిపి 555 రూపాయలు. తెల్ల మురుజ, మామిడాకులు, దారం కలుపుకున్నా 600 దాటలేదు. అందులో దండలు, తామరలు, దీపాల తీగ వచ్చే ఏటికి కూడా పనికి వస్తాయి గనుక రెండవ సంవత్సరపు ఖర్చు ప్రమిదలకు, పూలకు, పుల్లలకు మాత్రమే పరిమితమవుతుంది.

కొనకుండా దొరికేవి కూడా ఉన్నాయి. ఈ కాలంలో ఋషికుల్య ఒడ్డున, పొలాల గట్ల మీద రెల్లు తెల్లగా పూస్తుంది. కంకి పూర్తిగా విప్పారక ముందే, ఇంకా కొంచెం ఊదారంగు మెరుపు ఉండగా కోసుకుని, తలకిందులుగా నీడలో కట్టి ఆరబెడితే ఇంట్లో దూది రేగదు. పొడవైన ఇత్తడి చెంబులో పది కంకులు నిలిపితే గది మూల నిండుగా కనిపిస్తుంది. ఉబ్బసం ఉన్నవారి ఇళ్ళలో మాత్రం దీనిని పెట్టకపోవడమే క్షేమం. అలాగే కట్టడానికి పనికిరాకుండా చిరిగిన బరంపురం పట్టుచీర ఏ ఇంటి పెట్టెలోనైనా ఉంటుంది; ఆలయ శిఖరాల వంటి కుంభాలు నేసిన దాని అంచును కత్తిరించి, వెనుక నూలుబట్ట కుట్టి, దేవుడి గది ద్వారానికి కడితే ఏ బజారులోనూ దొరకని తోరణం అవుతుంది. చీర బాగా ఉన్నప్పుడు మాత్రం కత్తెర పెట్టకండి. నేతగాని శ్రమను ముక్కలు చేయడానికి అలంకరణ సాకు కాకూడదు.

దుకాణం లోపలి అరలో గంజాం జిల్లా బెళగుంఠలో చేసే ఇత్తడి చేపలు కూడా ఉన్నాయి. ఒంటి మీది పొలుసు పొలుసుగా అతికిన వలయాల వల్ల చేతిలో నిజమైన చేపలాగే మెలి తిరుగుతాయి. చిన్న ఖర్చు పరిధిలోకి రావు కాబట్టి వాటిని ఇక్కడ విడిగా సమీక్షించడం లేదు.

సేవ విషయానికి వస్తే, బెండు వస్తువులను పాత పత్రికల చీలికల మధ్య పెట్టి, అట్టపెట్టెలో సర్ది ఇస్తారు. బస్సులో ఇచ్ఛాపురం, సోంపేట దాకా తీసుకువెళ్ళే వారికి ఇది ఎంతో ఉపయోగం. ఫోను ద్వారా చెల్లింపు తీసుకుంటారు. ఒకసారి కొన్నవాటిని తిరిగి తీసుకోరు, రశీదు అడిగితే తప్ప ఇవ్వరు. వీధి ఇరుకు కావడం వల్ల సాయంత్రాలు నిలబడడానికి కూడా చోటుండదు. ఉదయం దుకాణం తెరిచిన గంటలోపు వెళితే ఎంచుకోవడానికి తీరిక దొరుకుతుంది. మహాలయ అమావాస్య దాటిన తర్వాత పూజా మండపాల వారు బెండు దండలను గుత్తగా కొనుక్కుపోతారు కాబట్టి వాటి కోసం అంతకు ముందే వెళ్ళాలి. మురుజ పొట్లాలు, జనప పుల్లలు మాత్రం దసరా అయ్యాకనే తాజాగా వస్తాయి. వాటిని ముందుగా అడిగితే కిందటి ఏటి సరుకు అంటగట్టే అవకాశం ఉంది గనుక, పొట్లం విప్పి ఉండలు కట్టలేదని చూసుకుని, పుల్లను విరిచి లోపల నల్లబడలేదని నిర్ధారించుకుని తీసుకోవాలి.